మాటల అవసరం తేల్చిన గుమస్తా

జైలు కార్యాలయంలో ఆయన హోదా శ్రవణ గుమస్తా. ఖైదీలు ఇళ్ళకు చేసుకునే ఫోన్లు వినడం, విన్నది రిజిస్టరులో రాయడం ఆయన పని. ఖైదీలు, కాపలావాళ్ళు, చివరికి జీతాల గుమస్తా కూడా చాటున ఆయన్ని "చెవిగారు" అనేవారు. ఆ పేరు ఆయనకు తెలియదని అందరి నమ్మకం. ఆ నమ్మకం గురించి వాళ్ళు గుసగుసలాడుకోవడం కూడా ఆయనకు వినపడింది.

ఉద్యోగంలో చేరేముందు వైద్యపరీక్ష జరిగింది. డాక్టరు పక్కగదిలోకి వెళ్ళి, తలుపు మూసి, ఒక గుండుసూదిని నేలమీద పడేసి, "ఏమైనా వినపడిందా?" అని కేకేశాడు.

"వినపడిందండి. రెండు పడ్డాయి" అన్నాడీయన.

డాక్టరు మోకాళ్ళమీద వంగి వెతికితే రెండోది బల్లకింద దొరికింది. పాతికేళ్ళ యువకుడి భవిష్యత్తు ఆ బల్లకిందే ఖరారైపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు గడిచినా ఆయన అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాడు. కిటికీ లేని గది. బల్లమీద ఒక్కో ఫోనుకు ఒకటి చొప్పున నాలుగు చిన్న దీపాలు, తలకు తగిలించుకునే హెడ్‌ఫోను, రెండు మీటలు. ఒక మీట వినడానికి, రెండోది మాట్లాడటానికి. ఆ రెండోదాన్ని ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. దాన్ని ముట్టుకోరాదని మాత్రం నియమావళిలో స్పష్టంగా ఉంది.

ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన రిజిస్టరులో ఒక్క అబద్ధం పడలేదు. ఎవరైనా తుమ్మితే తుమ్ము అని రాశాడు. ఎవరు తుమ్మిందీ తేలనప్పుడు "తుమ్ము, ఉభయులలో ఒకరు" అని రాశాడు. ఆయన నిజాయితీ ఎంతటిదంటే, దానివల్ల ఎవరికీ ఎప్పుడూ ఏ ప్రయోజనమూ కలగలేదు.

అప్పట్లో పని తేలిక. ఫోను ధర అలా ఉండేది మరి. మూడు నిమిషాలు మాట్లాడిన ఇంట్లో ఆ తర్వాత రెండు రోజులు పొయ్యి ఆలోచించి వెలిగేది. అందుకని అవతలివాళ్ళు కాగితంమీద రాసుకుని ఫోను దగ్గరికి వచ్చేవారు. "బాగున్నావా బాగున్నాం అమ్మకి తగ్గింది చిన్నది పాసైంది ఇంటికప్పు కారుతోంది ఉంటా." దీనంతటికీ ఒక్కటే ఊపిరి. ఒక తల్లి మాత్రం కాగితం తెచ్చుకునేది కాదు. ఆమె పేరున రిజిస్టరులో "ఏడుపు, మూడు నిమిషాలు" అని ఉంది. మరుసటి నెలలో "ఏడుపు, రెండు నిమిషాల యాభై సెకన్లు, పిదప, తిన్నావా అను ప్రశ్న" అని ఉంది. జవాబు లేదు. అప్పటికి సమయం అయిపోయింది.

ఇలా రోజుకు ఆరేడు ఫోన్లు. మధ్యలో చెవిగారు టీ తాగేవాడు, పెన్సిల్ చెక్కుకునేవాడు, ఇంటికి వెళ్ళి భార్య మాటలను అంతే శ్రద్ధగా వినకుండా కూర్చునేవాడు.

ఒకనాడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ పై అనే చోటు ఎక్కడుందో జైలులో ఎవరూ చూడలేదు గాని ఉత్తర్వులు మాత్రం అక్కణ్ణుంచే దిగుతాయి. దాని ప్రకారం ఫోను ధర ఒక్కసారిగా పడిపోయింది. గంటసేపు మాట్లాడినా ఒక కప్పు టీ ఖర్చు కాదు. ఒక్కో ఖైదీకి రోజుకు నలభై ఐదు నిమిషాలు. అయితే ఇది ఆరు నెలల ప్రయోగం మాత్రమే. ఆరో నెల చివర శ్రవణ గుమస్తా ఒక పట్టిక పంపాలి: ఎన్ని ఫోన్లు అవసరమైనవి, ఎన్ని అనవసరమైనవి. అవసరమైనవి సగంకంటే తక్కువైతే పాత ధర మళ్ళీ అమల్లోకి వస్తుంది.

అవసరం అంటే ఏమిటో కూడా ఉత్తర్వే దయతో వివరించింది. అనారోగ్యం, మరణం, కోర్టు, ఆస్తి. ఈ నాలుగూ కాక మనిషికి మనిషితో ఇంకేం పనుంటుందని రాసినవారి అభిప్రాయం కాబోలు.

మొదటి వారం చాలా ఇబ్బందిగా గడిచింది. జనం అలవాటు చొప్పున కాగితం తెచ్చుకుని, ఒక్క ఊపిరిలో అంతా చదివేసి, "ఉంటా" అన్నారు. ఇంకా నలభై రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒకరికోసం ఒకరు తపించిన మొగుడూ పెళ్ళాలు ఫోనుకు చెరోవైపు బిగుసుకుపోయి కూర్చున్నారు. "ఇంకా?" "ఇంకేముంది, నువ్వే చెప్పు." "నువ్వే చెప్పు." చెవిగారు ఇవన్నీ రాశాడు.

రెండో వారానికి అందరూ ఆరితేరారు. నాలుగు దీపాలూ పొద్దున ఎనిమిదికి వెలిగితే సాయంత్రం ఆరింటిదాకా ఆరేవి కావు. పిల్లి ఈనింది. పక్కింటివాళ్ళు గోడకు ఊదారంగు వేయించారు. వాళ్ళ బుద్ధే అంత. బావగారు కొత్తగా మీసం పెంచాడు గాని అది పెరగడానికి ఒప్పుకోవడం లేదు. చెవిగారు ఒక్కో ఫోనుకూ ఎదురుగా "అనవసరం" అని రాసుకుంటూ పోయాడు. నెలాఖరుకి లెక్క తేల్చితే అవసరమైనవి నూటికి ఆరు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇస్త్రీ దంపతులతో వచ్చింది.

ఆ మనిషి వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం నడిపేవాడు. పనిలో దిట్ట, కోపంలో అంతకంటే దిట్ట. ఒకరోజు బేరమాడుతున్న ఒక పెద్దమనిషిమీదికి ఇస్త్రీపెట్టె విసిరాడు. పెట్టె ఆ పెద్దమనిషిని వదిలేసి, అటుగా పోతున్న ప్రభుత్వ వాహనం అద్దాన్ని ఎంచుకుంది. రెండున్నరేళ్ళు పడ్డాయి. దుకాణం భార్య చేతికి వచ్చింది. ఆమె మొదటి నెలలోనే రెండు చొక్కాలు కాల్చింది. ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంట్లో అత్తగారు, మూసెయ్యడానికి సిద్ధంగా ఉన్న దుకాణం మిగిలాయి.

ఫోను చవకైంది. ఆమె రోజూ పదింటికి ఫోనును నీళ్ళ డబ్బాకు ఆనించి, స్పీకరు పెట్టి, పనిలో దిగేది. అతను లోపలినుంచి వినేవాడు.

"పెట్టె ఇంకా వేడెక్కలేదే."

"నీకెలా తెలుసు?"

"నీళ్ళు చల్లితే చుయ్యిమనాలి. అది నసుగుతోంది."

"అక్కడ కూచుని కూడా నా ప్రాణం తీస్తావేమయ్యా?"

"కాలరు ముందు చెయ్యి. కాలరు, చేతులు, ఆ తర్వాత ఒళ్ళు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పెట్టె విసరకముందు చెప్పుండాల్సింది."

ఇది మాటలున్న రోజు సంగతి. చాలా రోజులు మాటలుండేవి కావు. నలభై ఐదు నిమిషాలపాటు బట్టమీద పెట్టె జరిగే చప్పుడు, దులుపుడు, మడత, మధ్యలో "ఊఁ" అని అతను, "ఊఁ" అని ఆమె. అప్పుడప్పుడు ఖాతాదారు వచ్చేవాడు.

"ఎవరమ్మా ఆ మాట్లాడేది?"

"మా ఆయన."

"ఎక్కడున్నాడిప్పుడు?"

"గవర్నమెంటులో. సెలవు దొరకదు."

నీళ్ళ డబ్బా పక్కనుంచి గొంతు లేచేది. "బాబుగారూ, మీ ప్యాంటుకి రెండు గీతలు పడుతున్నాయన్నారట. ఇక పడవు. నేను చూసుకుంటున్నాగా!"

బాబుగారు డబ్బా వెనక్కి వంగి చూసి, ఎవరూ లేకపోవడంతో మరింత గౌరవంగా, "సరేనయ్యా" అనేవాడు. మూడు నెలల్లో పోయిన ఖాతాదారులు తిరిగి వచ్చారు. ఫోను ధర పెరిగితే వాళ్ళు మళ్ళీ పోతారు, దుకాణమూ పోతుంది. ఈ సంగతి ఆమె మొగుడితో ఎన్నోసార్లు అంది. అన్నప్పుడల్లా చెవిగారు విన్నాడు. విని, అనారోగ్యం లేదు, మరణం లేదు, కోర్టు లేదు, దుకాణం అద్దెది కనుక ఆస్తీ లేదు అని చూసుకుని, "అనవసరం" అని రాశాడు. వాళ్ళింట్లో ఎవరూ చావకపోవడానికి ఆయన బాధ్యుడు కాడు.

నాలుగో నెలలో సూపరింటెండెంటు ఆయన్ని పిలిపించాడు. స్థూలకాయుడు, శాంతస్వభావుడు. జైలులో గొడవలు జరిగినప్పుడు భోజనం సహించని మనిషి. కొంతకాలంగా ఆయనకు భోజనం బాగా సహిస్తోంది.

"ఏమయ్యా, పట్టిక ఎంతదాకా వచ్చింది?"

"నూటికి ఏడుకొచ్చిందండి. పోయిన నెలమీద ఒకటి పెరిగింది."

"ఏడా! సగం కావాలయ్యా. ఈ ఫోన్లు వచ్చాక లోపల కొట్లాటల్లేవు, చూశావా? అందరూ రేపేం మాట్లాడాలా అని ఆలోచనలో ఉన్నారు. అది పట్టికలో రాయి."

"దానికి గడి లేదండి."

"పోనీ, ఏదో ఒకటి వేసి సగం దాటించు. ఒక చేతిరాత పని. నీ చేతికేమైనా అయిందా?"

"చేతికేం కాలేదండి. చెవి ఒప్పుకోదు."

సూపరింటెండెంటు ఆయన్ని ఎగాదిగా చూశాడు. లంచం తీసుకునే గుమస్తాలను దారికి తేవడం ఆయనకు తెలుసు. ఈ రకం కొత్త. "ఆ ఇస్త్రీవాడి ఫోను నలభై ఐదు నిమిషాలూ మాటలే లేవని రాశావు కదా. మరి ఫోనెందుకట?"

"వింటున్నాడండి."

"ఏం వింటున్నాడు?"

"ఇస్త్రీ."

"వెళ్ళవయ్యా, వెళ్ళు" అన్నాడు సూపరింటెండెంటు.

ఆ మరునాడే ప్రళయం జరిగింది. ఇస్త్రీ దుకాణం ఫోను మామూలుగా నడుస్తోంది. పెట్టె జరుగుతోంది, బయట బండ్లు పోతున్నాయి. వాటి మధ్యనుంచి చెవిగారికి ఒక సన్నని చిటపట వినపడింది. గోడకున్న ప్లగ్గులో వైరు వదులై నిప్పురవ్వ కొడుతోంది. పక్కనే ఉతికిన దుప్పట్ల మూట ఉంటుందని ఆయనకు రోజువారీ వినికిడివల్ల తెలుసు. మొగుడికి వినపడలేదు, పెళ్ళానికి వినపడలేదు. చెవిగారు ఒక్క క్షణం నియమావళిని తలచుకున్నాడు. రెండో క్షణంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా దుమ్ము పట్టిన రెండో మీటను నొక్కాడు.

"అమ్మా, ప్లగ్గు తియ్యి!"

పెట్టె దభాలున దించిన చప్పుడు. ఆ తర్వాత ప్లగ్గు పీకిన చప్పుడు. ఆమె నోట "అమ్మో, నల్లగా మాడింది" అన్న మాట.

"ఎవడ్రా అది?" అన్నాడు మొగుడు.

"నేను లేను" అన్నాడు చెవిగారు.

"లేకపోతే మాట్లాడుతున్నదెవరు?"

"నియమం ప్రకారం ఎవరూ లేరు. వైరు మాత్రం మార్పించండి" అని మీట వదిలేశాడు. నియమం తప్పాడు. ఐనా కర్తవ్యం మరవలేదు. రిజిస్టరు తీసి, "మూడవ వ్యక్తి జోక్యం. సదరు వ్యక్తి ఈ గుమస్తాయే. విషయం: అగ్నిప్రమాద నివారణ" అని రాసుకున్నాడు. అగ్నిప్రమాదం నాలుగు గడుల్లో ఎక్కడా లేదు. గుండె రాయి చేసుకుని "అనవసరం" అని రాశాడు.

వినేవాడొకడున్నాడని ఖైదీలందరికీ పూర్వం నుంచే తెలుసు. గోడలకు చెవులుంటాయని తెలిసినట్టు తెలుసు. ఆ చెవికి నోరుందని, అది ప్లగ్గుల సంగతి చూస్తుందని తెలిసేసరికి వ్యవహారం మారింది. మరునాటి నుంచి ప్రతి ఫోనూ ఆయన కుశలప్రశ్నతోనే మొదలైంది.

"చెవిగారూ, నమస్కారమండి! మీ జలుబు తగ్గిందా? నిన్న ప్లగ్గు సంగతి చెప్పినప్పుడు ముక్కుతో మాట్లాడారట."

"చెవిగారూ, మీరే చెప్పండి, తప్పు మా ఆయనదా, నాదా?"

ఆయన పలికేవాడు కాదు. పలకకపోవడాన్ని ఎవరికి వారు తమ పక్షాన తీసుకున్నారు.

ఈలోగా పట్టిక సంగతి కూడా బయటికి పొక్కింది. జైలు గేటు ముందు వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఆ నాలుగు గడులూ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. ఐదో నెల మొదటి రోజున ఊళ్ళో చావులు మొదలయ్యాయి.

ఎప్పుడూ వినని స్థాయిలో జనం పోయారు. పినమామలు, వేలువిడిచిన మేనమామలు, తోడల్లుడి తాతలు. ఒక మేనత్త ఒక్క నెలలో మూడుసార్లు కాలధర్మం చెందింది. "అత్త పోయిందిరా!" అని అవతలినుంచి గావుకేక. "అయ్యో అత్తా!" అని ఇవతలినుంచి నవ్వాపుకుంటున్న గొంతు. ఆ వెంటనే, "సరేగాని, పిల్లి పిల్లలు కళ్ళు తెరిచాయా?" కోర్టు వ్యవహారాలు కూడా ఊపందుకున్నాయి. "ముఖ్య విషయం ఏమనగా, ఊదారంగు గోడమీద దావా వేయుటకు యోచించుచున్నాము" అని నాలుగో తరగతి దాటని ఒక ఇల్లాలు గ్రాంథికంలో మాట్లాడింది.

చెవిగారి వేదన వర్ణనాతీతం. ఆయన గడి నింపకుండా ఉండలేడు, నింపి ఊరుకోలేడు. "మరణం (సదరు మేనత్తయే, పదవ తేదీన కూడా మరణించియున్నది)" అని రాశాడు. దొంగ చావులతో నూటికి నలభై దాకా ఎక్కిన లెక్కంతా ఆ కుండలీకరణాల్లో కొట్టుకుపోయింది.

ఇస్త్రీ దుకాణంలో మాత్రం ఎవరూ చావలేదు. మొగుడే అడిగాడు.

"ఏమే, అందరూ ఎవరినో ఒకరిని చంపుతున్నారు. మనమూ ఏదో ఒకటి చెయ్యొద్దా?"

"ఎవరిని చంపనయ్యా? మనకున్నది మీ అమ్మ ఒక్కతే. పక్కనే కూచుని వింటోంది."

దుకాణం మూలనుంచి ముసలిగొంతు వినపడింది. "చంపెయ్యవే, ఏం పోయింది! రోజు మార్చి రోజు నన్ను చంపెయ్యి. ఫోనుంటే చాలు."

"ఊరుకో అత్తా, అలాంటి మాటలు!"

"పోనీ, కాళ్ళనొప్పులని రాయించు. అవైతే నిజమేగా. చెవిబాబూ, రాసుకో. కుడికాలు ఎక్కువ, ఎడమకాలు తక్కువ."

చెవిగారు "అనారోగ్యం: కుడికాలు ఎక్కువ" అని రాశాడు. ఆ దంపతుల పేరున ఐదు నెలల్లో పడిన మొదటి "అవసరం" అది. రాసి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గదిలో గాలి లేకపోవడం వల్ల అవి మసకబారుతుంటాయి.

లెక్క మళ్ళీ చూశాడు. నూటికి పదకొండు. ఇక మూడు వారాలే గడువు. నిజం రాస్తే ఇస్త్రీ దుకాణం మూతపడుతుంది. అబద్ధం రాయడం ఆయనకు రాదు, ఇప్పుడు నేర్చుకునే వయసూ కాదు. అలాంటి ఇరకాటంలో ఇంకో మనిషైతే మందు కొట్టేవాడు, మొక్కుకునేవాడు. చెవిగారు ఒక ఖాళీ పట్టిక ఇంటికి తెచ్చుకున్నాడు. ఏ కొలతకైనా కొలిచి చూసేందుకు ఇంకో వస్తువుండాలి కదా అన్నది ఆయన తర్కం. ఆ వస్తువు ఆయన భార్య.

ఆమె ఇరవై ఆరేళ్ళుగా ఆయనతో మాట్లాడుతూ వస్తోంది. ఆయన వింటున్నాడన్న అనుమానం ఆమెకు ఏనాడూ కలగలేదు. అలాంటిది, ఆ వారం ఆమె నోరు విప్పినప్పుడల్లా ఆయన తల ఎత్తి, చెవి కొద్దిగా పక్కకు వంచి, పెన్సిలుతో కాగితంమీద ఏదో చేస్తున్నాడు. మొదటి రెండు రోజులు ఆమె మురిసిపోయింది. మూడో రోజు కాగితం చేతికి చిక్కింది.

"ఏమిటండీ ఇది? 'కూరలో ఉప్పు తక్కువైనదా అను ప్రశ్న: అనవసరం.' 'మీ చెల్లెలు ఫోను చేయుట లేదు: అనవసరం.' 'వాన వచ్చేలా ఉంది: అనవసరం.' ఇవన్నీ నా మాటలేనా?"

"నీవేనే."

"నా మాటలకి మార్కులేస్తున్నారా!"

"కోపం తెచ్చుకోకు. నూటికి రెండు వచ్చాయి."

"రెండా! ఏవి ఆ రెండు?"

"మీ అన్నయ్య మోకాలి నొప్పి ఒకటి. అదీ పోయినేడాది సంగతని తర్వాత తేలింది. కాబట్టి ఒకటే."

ఆ తర్వాత గంటసేపు ఆమె అన్నవన్నీ ఆయన రాయలేకపోయాడు. రాసినంతవరకు ఒక్కటీ అవసరం గడిలో పడలేదు. చివరికి అలిసిపోయి, ఎదురుగా కూర్చుని, ఎందుకిదంతా అని అడిగింది. ఉద్యోగ రహస్యాలు ఇంట చెప్పరాదన్న నియమం ఉంది. అయితే పట్టిక సంగతి గేటు ముందు వరుసలో ఎవర్నడిగినా చెబుతారు గనుక అది రహస్యం కాదని చెవిగారు తేల్చుకుని చెప్పాడు. ఆమె విన్నది. ఆ దంపతుల మధ్య ఆయన మాట్లాడి ఆమె విన్న సందర్భం అది మొదటిది.

"అంటే ఈ లెక్కన మనిద్దరం మాట్లాడుకోకూడదన్నమాట."

"పాత ధర కట్టి మూడు నిమిషాలు మాట్లాడుకోవచ్చు."

"సూపరింటెండెంటు గారింట్లోనో?"

"అది నాకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అంటూ ఆమె లేచింది.

ఉద్యోగుల క్వార్టర్లు ఏడు. మరునాడు పొద్దుటికి ఏడిళ్ళలోనూ ఏడు పట్టికలు తెరుచుకున్నాయి. వారంపాటు ఏడుగురు ఇల్లాళ్ళు తమ ఇళ్ళ మాటలను కాగితంమీద పెట్టారు. ఆ శ్రద్ధ వాళ్ళ మొగుళ్ళు ఆఫీసులో చూపించి ఉంటే జైలు వేరేలా ఉండేది. జీతాల గుమస్తా ఇంట్లో నూటికి మూడు. హెడ్ వార్డరింట్లో ఐదు, వాళ్ళకు బీపీ ఉండటంచేత. సూపరింటెండెంటు ఇంట్లో సున్నా. అక్కడ వారం రోజులూ ముందుగది కర్టెన్లు మార్చాలా వద్దా అన్న ఒక్క విషయమే నడిచింది. ఏడో రోజుకూ తేలలేదు.

చెవిగారు ఏడు పట్టికలనూ తన నివేదికకు అనుబంధంగా కుట్టాడు. నివేదిక పొట్టిది. "ఖైదీల సంభాషణలలో అవసరమైనవి నూటికి పదకొండు. ఉత్తర్వు ప్రకారం ఇది చాలదు. అయితే అదే కొలతతో కొలవగా, స్వేచ్ఛగా తిరుగు ఉద్యోగుల ఇళ్ళలో ఇది నూటికి రెండు. కాబట్టి ఖైదీలు ఉద్యోగులకంటే ఐదు రెట్లు పొదుపుగా మాట్లాడుచున్నారని మనవి. ఇస్త్రీ దంపతులు చాలా రోజులు అసలు మాట్లాడుటయే లేదు. అంతటి నిగ్రహం ఈ గుమస్తా ఇంట లేదు."

సూపరింటెండెంటు సంతకం లేనిదే ఏ నివేదికా పైకి పోదు. ఆయన మొదటి పేజీ చదివి నవ్వాడు. అనుబంధం తిరగేస్తూ ఏడో పట్టిక దగ్గర ఆగిపోయాడు.

"ఇది మా ఆవిడ రాతలా ఉందే."

"వారిదేనండి."

"'ఆ ముదురాకుపచ్చ చూస్తే నాకు ఆఫీసు గుర్తొచ్చి కడుపులో తిప్పుతుంది.' ఇది నేనన్నానా?"

"మంగళవారం అన్నారటండి. రాత్రి భోజనం దగ్గర."

"ఇది తీసేస్తే?"

"తీసెయ్యొచ్చండి. తీసేశామని రాయాలి."

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీలోంచి ఫోను గదుల ముందు వరుస కనపడుతోంది. ఖైదీలు గోడకానుకుని, ఒకరితో ఒకరు గొడవ పడకుండా, తమ వంతుకోసం చూస్తున్నారు. ఒకడు పెదాలు కదుపుతూ చెప్పాల్సింది నెమరు వేసుకుంటున్నాడు. ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఇంట్లో ఈ విషయంమీద ఏ జవాబివ్వాలో, పైవాళ్ళకు ఏ జవాబివ్వాలో బేరీజు వేసుకుని, ఇంటికే ఎక్కువ భయపడి సంతకం పెట్టాడు.

ఆరో నెల ముగిసింది. ఉత్తర్వు రాలేదు. పాత ధరా రాలేదు, కొత్త ధరా పోలేదు. ఇస్త్రీ ఆవిడ రోజూ ఫోను కలవగానే, "ఇవాళ్టికుందా?" అని అడిగేది. "ఉంది" అనేవాడతను. రేపటి సంగతి తెలియక, ఖాతాదారుల దగ్గర కొత్త బట్టలు ఒప్పుకోవడానికి ఆమె వెనకాడేది. చెవిగారు నోరు కట్టుకుని కూర్చునేవాడు. తెలిసింది చెప్పడానికి వీల్లేదు. చెప్పడానికి తెలిసిందీ ఏమీ లేదు.

గడువు దాటిన ఏడో వారంలో ఉత్తర్వు వచ్చింది. సూపరింటెండెంటు గదిలో అందరూ నిలబడి ఉండగా ఆయనే చదివాడు. మొదటి పేరా: తగ్గించిన ధర శాశ్వతంగా కొనసాగును. రెండో పేరా: నాలుగు గడుల కొలత రద్దు, కారణం పైకార్యాలయపు ఉన్నతాధికారులు తమ ఇళ్ళలోనూ దానిని పరీక్షించి చూచి, ఫలితమును బహిర్గతం చేయరాదని నిర్ణయించినారు. మూడో పేరా: ఇకపై శ్రవణ గుమస్తా మాటలను రాయనక్కరలేదు, నిమిషాలు మాత్రం రాయవలెను. నాలుగో పేరా దగ్గర సూపరింటెండెంటు గొంతు తగ్గింది.

"చదవండి సార్" అన్నాడు జీతాల గుమస్తా.

"'ఏడవ అనుబంధంలోని కర్టెన్ల విషయం చివరకు ఏమైనదీ వెంటనే తెలియజేయవలెను.'"

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడానికి అందరూ చాలా శ్రమపడ్డారు.

చెవిగారు తన గదికి వచ్చి కూర్చున్నాడు. పదయింది. మూడో దీపం వెలిగింది. నిమిషాలు రాయడానికి గడియారం చాలు, హెడ్‌ఫోను అక్కరలేదు. ఐనా తగిలించుకున్నాడు. వినమని ఉత్తర్వులో లేదు. వినవద్దనీ లేదు.

"ఏమే, రేటు పెరగదట. ఇప్పుడే చెప్పారు" అన్నాడు ఇస్త్రీ మనిషి.

"ఇంకెప్పుడూనా?"

"ఇంకెప్పుడూ."

పెట్టె ఎత్తి పక్కన పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ముక్కు తుడుచుకున్న చప్పుడు, మళ్ళీ పెట్టె ఎత్తిన చప్పుడు.

"ఇంకేమిటి సంగతులు?" అన్నాడతను.

"ఏమున్నాయి, ఏం లేవు."

"ఇక్కడా ఏం లేవు."

"సరే అయితే."

"సరే."

ఇద్దరూ ఆ విధంగా తేల్చుకున్నాక ఫోను ఇంకో నలభై ఒక్క నిమిషాలు నడిచింది. చెవిగారు నిమిషాలు రాసుకున్నాడు.